ఆఖరి రౌండులో మా పిల్లలిద్దరూ

రెంటచింతల దగ్గర ఒక హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. చదరంగం గురించి నాకు తెలిసిందల్లా గుర్రం వంకరగా దూకుతుందని, రాజు చిక్కితే ఆట ముగుస్తుందని. చిన్నప్పుడు మా పెద్దన్నయ్య నేర్పాలని చూశాడు కానీ, ప్రతిసారీ నా మంత్రిని తినేసి నవ్వేవాడు. ఆ కోపంతో మళ్ళీ ఆ బల్ల జోలికి పోలేదు. అలాంటి నన్ను నరసరావుపేటలో జరిగే జిల్లా చదరంగం సెలెక్షన్లకు పిల్లల్ని తీసుకుని వెళ్ళమన్నారు.

వెళ్ళాల్సింది మా పీఈటీ సారు. ఆయన ముందు వారమే బండి మీంచి పడి కాలికి కట్టు కట్టించుకున్నారు. హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములోకి వచ్చి, "ఇద్దరూ ఆడపిల్లలే మేడం. లేడీ టీచర్ ఉంటే వాళ్ళ ఇళ్ళల్లో కూడా నిశ్చింతగా ఉంటారు. మీరు ఊరికే పక్కన కూర్చుంటే చాలు," అన్నారు. ఊరికే పక్కన కూర్చోవడమే కదా అని ఒప్పుకున్నాను.

ఆ ఇద్దరిలో పెద్దది ఎనిమిదో తరగతి. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. లారీ ఎక్కడో లోడింగ్ కోసం ఆగినప్పుడు తోటి డ్రైవర్ల దగ్గర ఫోనులో చదరంగం నేర్చుకుని, ఇంటికొచ్చి కూతురికి నేర్పాడు. ఆ పిల్లకు పంతం ఎక్కువ. క్లాసులో పద్యం ఒప్పజెప్పేటప్పుడు ఒక పాదం మరిచిపోతే, నేను అందించినా తీసుకోదు. కళ్ళు మూసుకుని తనకు తానుగా గుర్తు తెచ్చుకునేదాకా క్లాసంతా ఆగాల్సిందే.

చిన్నది ఏడో తరగతి. వాళ్ళమ్మ మిరప చేలల్లో కూలికి వెళ్తుంది. తండ్రి లేడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో, చర్చికి వెళ్ళే దారిలో ఉంటాయి. పెద్దదానికి ఆడటానికి ఎవరూ దొరక్క, ఈ పిల్లను బలవంతంగా కూర్చోబెట్టి ఆట నేర్పింది. ఇప్పుడు వాళ్ళిద్దరికీ ఒకటే బోర్డు. ఒక రోజు ఆ ఇంట్లో, ఒక రోజు ఈ ఇంట్లో ఉంటుంది. ఈ పిల్ల నెమ్మదస్తురాలు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

సెలెక్షన్లు ఎలా జరుగుతాయో నాకు బస్సులోనే తెలిసింది. మాచర్ల నుంచి వచ్చే పొద్దుటి బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ల కోసం కండక్టరుకు మా ఆధార్ కార్డులు చూపించి, ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. గురజాల దాటాక పెద్దది నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు మండలంలో ఆడాలి టీచర్. మన బడి వరండాలోనే పెట్టారు గదా, అది. ఆడ గెలిచినోళ్ళు జిల్లాకి. జిల్లాలో మొదటి ఐదుగురు స్టేట్‌కి."

"అయితే ఒక్కసారి ఓడిపోతే ఇంటికేనా?"

"కాదు టీచర్. ఇది కబడ్డీ కాదు. ఓడినా ఆడతానే ఉండొచ్చు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. గెలిచినోళ్ళకి గెలిచినోళ్ళతోనే పెడతారు, ఓడినోళ్ళకి ఓడినోళ్ళతో. ఆడే కొద్దీ గట్టోళ్ళు తగుల్తారు."

చిన్నది కిటికీ వైపు తిరిగి ఉండి, మెల్లగా అంది: "స్టేట్‌కి పోయినాక ఐదుగురూ ఒకే టీమ్ అంట టీచర్. అప్పుడు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఆడరంట."

ఆ మాట అంటున్నప్పుడు దాని మొహంలో చిన్న వెలుగు కనిపించింది. రాష్ట్రస్థాయికి వెళ్ళడం కంటే, అక్కడ ఇద్దరూ ఒకే జట్టులో ఉంటారన్నదే ఆ పిల్లకు నచ్చిన సంగతి అనిపించింది.

నరసరావుపేటలో ఒక స్కూలు హాల్లో బల్లలు వరసగా వేశారు. ప్రతి బల్ల మీదా ఒక బోర్డు, దాని పక్కన రెండు ముఖాల గడియారం. జిల్లా నలుమూలల నుంచీ పిల్లలొచ్చారు. నకరికల్లు వైపు నుంచి ఒక ఆటో నిండా వచ్చారు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. టీచర్లు మాత్రం ఆట మొదలయ్యేదాకా ఉండి, తర్వాత బయటికి వచ్చేయాలి. ఆట నడిపించేది ఒక యువతి. మెడలో ఐడీ కార్డు, చేతిలో మైకు. ఆర్బిటర్ అంటారట. పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేదు కానీ, ఆమె మైకు అందుకోగానే హాలంతా నిశ్శబ్దం.

ఆమె నియమాలన్నీ చెప్పింది. ముట్టుకున్న పావును కదపాల్సిందే. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలే కాబట్టి ఎత్తులు కాగితం మీద రాసుకోనక్కర్లేదు. సందేహం వస్తే పక్కవాళ్ళను అడక్కుండా చెయ్యెత్తాలి. చివర్లో గొంతు కొంచెం గట్టి చేసి, "ముందే మాట్లాడుకుని డ్రా చేసుకున్నారని తేలితే ఇద్దరికీ సున్నా వేస్తాను," అంది. నేను ఆ మాట విన్నాను కానీ, మా పిల్లలకు సంబంధించిన విషయంగా అనుకోలేదు.

మధ్యాహ్నానికి మా వాళ్ళిద్దరూ బాగానే ఆడారు. పెద్దది బయటికి వస్తూనే చూపుడువేలు ఎత్తి చూపించేది, అంటే ఒక పాయింటు. ఒక్కసారి మాత్రం వేలెత్తకుండా వచ్చి, మంచినీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంది. చిన్నది గెలిచినా ఓడినా ఒకేలా వచ్చి నా పక్కన కూర్చునేది. నేనే అడిగి తెలుసుకోవాలి. నేను కిటికీ బయట వేపచెట్టు నీడలో మిగతా తల్లిదండ్రులతో నిలబడి చూస్తూ, ఏమీ అర్థం కాకపోయినా తల ఊపుతున్నాను. ఎడ్లపాడు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నా పక్కనే నిలబడ్డాడు. మనిషి పొడుగు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. వాళ్ళమ్మాయి బల్ల మీద చెయ్యి కదిపినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది.

ఇక ఒక్క రౌండే మిగిలింది. అప్పటికి మా పిల్లలిద్దరికీ నాలుగేసి పాయింట్లు. భోజనాల తర్వాత ఎవరితో ఎవరో గోడకు అంటించారు. మా పిల్లలిద్దరూ పరుగెత్తుకెళ్ళి చూసి, తిరిగి వచ్చేటప్పుడు విడివిడిగా నడిచి వచ్చారు.

"ఏమైందే?" అన్నాను.

పెద్దది నేల చూస్తూ, "మా ఇద్దరికే పడింది టీచర్," అంది.

నాకు అర్థం కాలేదు. ఒకే బడి పిల్లల్ని ఒకరి మీద ఒకర్ని ఎలా పెడతారని ఆర్బిటర్ దగ్గరికే వెళ్ళి అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. ఇక్కడ బడి లెక్క లేదు, ఎవరి ఆట వాళ్ళదే. సమానంగా పాయింట్లు ఉన్నవాళ్ళను కంప్యూటరు కలుపుతుంది. మా వాళ్ళు అంతదాకా ఎదురుపడకపోవడమే అదృష్టం.

తిరిగి వస్తుంటే మాచర్ల నుంచి వచ్చిన ఒక పీఈటీ సారు నన్ను ఆపారు. ఆయన ఏళ్ళ తరబడి పిల్లల్ని తెస్తున్న మనిషి. పరిస్థితి మొత్తం నాకంటే ముందే లెక్కేసి పెట్టుకున్నారు.

"మేడం, మీ పిల్లలు డ్రా చేసుకుంటే ఇద్దరూ ఐదుగురిలో ఉండొచ్చు. ఒకళ్ళు గెలిస్తే మాత్రం రెండో పిల్ల ఇంటికే. అర పాయింటు వెనకున్న ఆ ఎడ్లపాడు పిల్ల గెలిచి పైకి ఎక్కిద్ది. ఒక మాట చెప్పండి పిల్లలకి."

"అట్లా మాట్లాడుకోకూడదని పొద్దున చెప్పారు కదండీ."

"ఎవరికి తెలిసిద్ది మేడం? వీధిలో రోజూ ఆడుకునే పిల్లలు. నాలుగు ఎత్తులు అటూ ఇటూ తిప్పితే అయిపోద్ది."

ఆయన చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. మా పిల్లల మంచి కోరే చెప్పారు. నిజం చెప్పాలంటే నా మనసు కూడా కాసేపు అటే లాగింది. ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చి, ఒకర్ని నవ్వుతూ ఒకర్ని ఏడుస్తూ వెనక్కి తీసుకెళ్ళడం ఎలాగా అని పొద్దుటి నుంచీ ఉన్న ధైర్యమంతా జారిపోయింది. బస్సులో గంటల ప్రయాణం. ముగ్గురం కూర్చునేది ఒకే సీట్లో.

పిల్లలు మెట్ల మీద చెరో చివర కూర్చుని ఉన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బాలో సగం అలాగే ఉంది. నేను వాళ్ళ మధ్య కూర్చున్నాను.

పెద్దది అడిగింది: "టీచర్, ఏం చెయ్యమంటారు? ఆ సారు మీతో ఏం చెప్పాడో మాకు తెలుసు. అందరూ అదే అంటన్నారు."

నేను చిన్నదాని వైపు చూశాను. అది డబ్బా మూత పెట్టి, తీసి, పెడుతోంది.

"మీకేమనిపిస్తుంది?" అన్నాను.

"నాకు డ్రా వద్దు," అంది పెద్దది వెంటనే. తర్వాత గొంతు తగ్గించి, "కానీ ఇది ఓడిపోతే నాతో మాట్లాడదు," అంది.

"నేనెప్పుడు మాట్లాడకుండా ఉన్నా?" అంది చిన్నది. "ప్రతిసారీ ఓడిపోతానే ఉన్నాగా."

నాకు నవ్వు వచ్చింది. "అయితే రోజూ ఎట్లా ఆడతారో అట్లానే ఆడండి. ఎవరు వెళ్ళినా వెళ్ళకపోయినా నేను సాయంత్రం మీ ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా," అన్నాను. ఆ మాట వాళ్ళకు ధైర్యం ఇచ్చిందో లేదో తెలియదు. లేచి, లంగా దులుపుకుని, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్ళారు.

ఆ ఆట నేను కిటికీ ఊచలు పట్టుకుని చూశాను. బోర్డు మీద జరిగేది నాకు తెలియదు కాబట్టి వాళ్ళ మొహాలే చదివాను. మొదట్లో ఇద్దరూ చకచకా కదిపారు. తర్వాత పెద్దది ముందుకు వంగింది. చిన్నదాని వైపు పావులు ఒక్కొక్కటే బల్ల మీదకు దిగిపోతున్నాయి. అది జడ చివర నోట్లో పెట్టుకుంది. పెద్దదాని బంటు ఒకటి అవతలి అంచుకు చేరి కొత్త మంత్రి వచ్చినప్పుడు, నేను కిటికీ వదిలేసి చెట్టు దగ్గరికి వచ్చాను. చిన్నది ఓడిపోయింది, ఇక దాన్ని ఎలా ఓదార్చాలి అన్న ఆలోచనలోనే ఉన్నాను.

లోపల్నుంచి బల్ల మీద చెయ్యి కొట్టిన చప్పుడు వినిపించింది.

వెళ్ళి చూస్తే పెద్దది రెండు చేతుల్లో తల పట్టుకుని ఉంది. చిన్నది బిక్కమొహం వేసుకుని చెయ్యెత్తి కూర్చుంది. ఆర్బిటర్ వచ్చి బోర్డు చూసి, ఏదో చెప్పి, డ్రా అని రాసుకుంది. చిన్నదాని రాజు మూలన ఒంటరిగా మిగిలింది. దానికి చెక్ లేదు, కదలడానికి ఒక్క గడీ కూడా లేదు. అలా అయితే గెలుపు కాదట, స్టేల్‌మేట్ అంటారట. సమానం. పక్కనున్న మాచర్ల పీఈటీ సారు నా చెవిలో, "శభాష్ మేడం, చానా బాగా చెప్పారు పిల్లలకి," అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

అదే అనుమానం ఇంకొకరికీ వచ్చింది. ఎడ్లపాడు తండ్రి నేరుగా హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఇదెక్కడి న్యాయమమ్మా! రెండు మంత్రుల బలం ఉన్న పిల్ల ఒంటి రాజు మీద గెలవలేదా? ఒకే ఊరోళ్ళు, ఒకే బడి. ముందే అనుకున్నారు. మా అమ్మాయి గెలిచి గూడా ఇంటికి పోవాలా?" ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. పొద్దుటి నుంచీ పక్కన నిలబడ్డ మనిషి కాబట్టి, ఆయన మీద నాకు కోపం రాలేదు. నా భయమంతా పొద్దున విన్న ఆ మాట గురించే. ఇద్దరికీ సున్నా.

ఆర్బిటర్ ఆయన్ను కూర్చోమంది. నన్ను పిలిచింది. "మీరు పిల్లలకు డ్రా చేసుకోమని చెప్పారా?" అని సూటిగా అడిగింది.

"లేదు. ఆడమన్నాను."

ఆమె మా పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచింది. "మొదట్నుంచీ మళ్ళీ ఆడి చూపించండి," అంది. ఎత్తులు ఎక్కడా రాసి లేవు. ఇంత పొడుగు ఆటను వాళ్ళు గుర్తు పెట్టుకోగలరా అని బోర్డుకు దగ్గరగా జరిగాను.

పావులు సర్దుకున్నారు. పెద్దది మొదటి ఎత్తు వేసింది. చిన్నది జవాబిచ్చింది. నెమ్మదిగా మొదలై, తర్వాత ఊపందుకుంది. ఒక చోట పెద్దది గుర్రాన్ని కదపబోతే చిన్నది చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కాదు. ముందు నా ఏనుగు వచ్చింది. నువ్వు అప్పుడు చానాసేపు ఆలోచించావు."

"ఆ, అవును." పెద్దది గుర్రాన్ని వెనక్కి పెట్టింది.

చుట్టూ పిల్లలు గుమిగూడారు. ఆర్బిటర్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆట ఆఖరికి వచ్చేసరికి పెద్దదాని ఎత్తులు నెమ్మదించాయి. మూలనున్న రాజుకు కాస్త ఎడంగా తన మంత్రిని తెచ్చి పెట్టి, అక్కడే ఆగిపోయింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇక్కడ! ఇక్కడ పెట్టా! పక్క గడిలో పెడితే తర్వాతి ఎత్తులో అయిపోయేది. దీని రాజుకి ఒక్క గడి వదలాలని మా నాన్న వందసార్లు చెప్పాడు!" అని, అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా బయటపెట్టింది. "గెలిచే ఆట. నోటికాడికొచ్చి పోయింది!"

చిన్నది దాని భుజం మీద చెయ్యి వేసింది. పెద్దది ఆ చేతిని విదిలించేసింది. "పో! నీకు తెలుసు నేను తప్పు పెడతన్నానని. ఎందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెప్తా? నేను నీ మీద ఆడతన్నాగా!"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆర్బిటర్ కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. తర్వాత గుమ్మం వైపు చూసి, "మీరు చూశారు కదండీ. ఇంత ఏడ్చే పిల్ల ముందే మాట్లాడుకుని డ్రా చేసుకోదు. ఫలితం మారదు," అంది.

ఆ తండ్రి దగ్గరికి ఆయన కూతురు, కళ్ళద్దాల పిల్ల, వెళ్ళి చొక్కా పట్టుకుంది. "నాన్నా, నేను పక్క బల్ల మీదే ఉన్నా. వాళ్ళు నిజంగానే ఆడారు," అంది. ఆయన ఆ పిల్ల తల నిమిరి, అరుగు మీద కూలబడ్డాడు.

కథ అక్కడితో అవలేదు. నాలుగున్నర పాయింట్లతో ముగ్గురు సమానంగా నిలిచారు, మా ఇద్దరూ, ఆ కళ్ళద్దాల పిల్లా. మిగిలినవి రెండే చోట్లు. అలాంటప్పుడు ఎవరు గట్టివాళ్ళతో ఆడారో చూస్తారట. ఒక్కొక్కరి ప్రత్యర్థులు తెచ్చుకున్న పాయింట్లన్నీ కూడి, ఎక్కువ వచ్చినవాళ్ళను పైన పెడతారు. కంప్యూటరు దగ్గర ఆర్బిటర్ ఆ లెక్క చూస్తున్నంతసేపూ పెద్దది గోడకు తిరిగి నిలబడింది. చిన్నది పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. నేను ఆ తండ్రికి నా సీసాలోని మంచినీళ్ళు ఇచ్చాను. ఆయన తీసుకుని తాగి, "ఏదో పిల్ల మీద ఆశతో నోరు జారానమ్మా, ఏమనుకోమాకండి," అన్నాడు.

"మీ స్థానంలో ఉంటే నేనూ అడిగేదాన్ని," అన్నాను. అబద్ధం కాదు.

పేర్లు చదివారు. నాలుగో చోట మా చిన్నది. అది గట్టివాళ్ళతో ఆడి ఓడిన ఆట కూడా దానికి ఇప్పుడు ఉపయోగపడింది. ఐదో పేరుకు ముందు మైకు గరగరలాడింది. ఆర్బిటర్ దాన్ని తట్టి, మళ్ళీ చదివింది. మా పెద్దది.

నేను అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. పెద్దది ఇంకా గోడ వైపే ఉంది. చిన్నది వెళ్ళి దాన్ని ఇటు తిప్పింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కాసేపటికి ఇద్దరూ చేతులు పట్టుకుని ఎగురుతున్నారు. కళ్ళద్దాల పిల్లను ఆరో స్థానంలో, ఎవరైనా రాలేకపోతే వెళ్ళేలా, స్టాండ్‌బైగా పెట్టారు. వెళ్ళేముందు ఆ పిల్ల మా వాళ్ళ దగ్గరికి వచ్చి, ఆ మూల స్టేల్‌మేట్ ఎలా తప్పించుకోవాలో తను చూపిస్తానంది. ముగ్గురూ బోర్డు ముందు కూర్చున్నారు. వాళ్ళ నాన్నా నేనూ తొందరపెట్టలేదు.

బస్టాండులో పెద్దదాని నాన్నకు ఫోను చేశాను. లారీ ఎక్కడో రోడ్డు పక్కన ఆపుకుని ఎత్తాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "డ్రా అంటే గెలిచినట్టా ఓడినట్టా టీచరమ్మా?" అన్నాడు.

"సమానం అండీ."

"అది నాకు తెలుసులే. మా పిల్ల ఏమనుకుంటందని."

ఫోను దానికిచ్చాను. అది పక్కకు వెళ్ళి చాలాసేపు తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు దాని మొహం తేటపడింది. "మా నాన్న గూడా నిరుడు అట్టానే ఒకసారి పెట్టాడంట టీచర్, తోటి డ్రైవర్లంతా రెండు రోజులు నవ్వారంట," అంది. ఆ వార్త చిన్నదానికి చెప్పి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

బస్సు పిడుగురాళ్ళ దాటేసరికి ఇద్దరూ నిద్రపోయారు. ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టుకుంటానన్న మాట నిలబెట్టుకోవడానికి కిటికీ పక్క సీటు వదులుకుని అంచున కూర్చున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా రెండు తలలూ నా మీదికి ఒరిగేవి. భుజం తిమ్మిరెక్కినా కదపబుద్ధి కాలేదు.

మా ఊళ్ళో దిగేసరికి పొద్దు వాలింది. వేడి మాత్రం తగ్గలేదు. చిన్నదాని తల్లి చేలోంచి నేరుగా వచ్చినట్టుంది, నెత్తి మీద గుడ్డ కూడా విప్పలేదు. పిల్లల్ని చూడకుండా ముందు నన్ను చూసింది.

"ఇద్దరూ వెళ్తున్నారమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిరపకాయల ఘాటు తగిలింది. "ఇద్దరూనా? హమ్మయ్య! ఒకత్తే పోతే, ఆ రెండోదాన్ని ఎట్టా ఊరుకోబెట్టాలా అని పొద్దుటి నుంచీ నా పానం పానంలో లేదు టీచరమ్మా," అంది.

నాది కూడా అంతే అని చెప్పాలనుకున్నాను. అంతలో పిల్లలిద్దరూ ఆమెకు చెరోవైపు చేరి, ఆ ఆఖరి ఆట ఎవరికి వాళ్ళు మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఆమె ఇద్దరి మాటలూ ఒకేసారి వింటూ, ఏదీ అర్థం కాకపోయినా తల ఊపుతూ, వీధిలోకి నడిచింది.